రాణిగారికి స్వెట్టరు వద్దా?

చలి అంటే ఏమిటో నాకు తెలుసుననే అనుకునేదాన్ని. పాలమూరు జిల్లాలో పుట్టి, హైదరాబాదులో కాపురం చేస్తున్నదాన్ని. మాకు చలి అంటే సంక్రాంతికి ముందు ఓ పదిహేను రోజులు. ఒక రగ్గు, రెండు పూటలా అల్లం టీ. అంతే! చలి మనిషి నాలుకని మడత పెట్టేస్తుందని, వేళ్ళకి ముడి విప్పడం మరిపిస్తుందని, పైపెచ్చు "నాకేం కాలేదు" అని అబద్ధం కూడా చెప్పిస్తుందని నలభై ఏడో ఏట తెలుసుకున్నాను. అదీ ఎక్కడ? ఇంగ్లండులో ఓ పచ్చిక మైదానంలో, అర్ధరాత్రి, నా కన్నకూతురి ముఖంలో!

అర్ధరాత్రి మైదానంలో మీకేం పనమ్మా అంటారా? చెబుతాను.

మా అమ్మాయి అక్కడ ఎమ్మెస్ చదువుతోంది. చదువు సంగతి అలా ఉంచండి, లార్ప్ అనే ఆటలో పడింది. పూర్తిపేరు లైవ్ యాక్షన్ రోల్ ప్లే. మన మాటల్లో చెప్పాలంటే వేషం కట్టుకుని అందులోనే బతికే నాటకం. దీనికి స్టేజీ ఉండదు, తెర ఉండదు, టిక్కెట్టు కొని చూసేవాళ్ళూ ఉండరు. వచ్చినవాళ్ళందరూ వేషగాళ్ళే. ఒకాయన సేనాపతి, ఒకావిడ మంత్రగత్తె, ఇంకొకడు గజదొంగ. రాసిపెట్టిన డైలాగులు లేవు. ఎవరి పాత్రకి తగ్గట్టు వాళ్ళు అప్పటికప్పుడు మాట్లాడాలి, పన్నాగాలు పన్నాలి, స్పాంజీకి రబ్బరు పూసి చేసిన కత్తులతో యుద్ధాలు చెయ్యాలి. శుక్రవారం సాయంత్రం "టైమ్ ఇన్" అని కేక వేస్తే, మధ్య మధ్య విరామాలు తప్ప ఆదివారం మధ్యాహ్నం దాకా అదే లోకం.

"పెద్దవాళ్ళు ఆడుకునే బొమ్మలాట" అని మావారు ఒక్క ముక్కలో కొట్టిపారేశారు. నేను మాత్రం అలా అనను. కథలు రాసుకుని బతికేదాన్ని, కథలో దూరి బతికేవాళ్ళని ఏ నోటితో ఆక్షేపించను? పైగా ఇదేమీ నిన్న మొన్నటి సరదా కాదు. 1977లోనే అమెరికాలో వాషింగ్టన్ నగరం దగ్గర డాగోర్‌హిర్ అనే యుద్ధాల ఆట మొదలైంది. 1982లో ఇంగ్లండులో, చెషైర్‌లోని పెక్‌ఫర్టన్ కోటలో ట్రెజర్ ట్రాప్ అని ఒకటి పెట్టారు. జర్మనీలో 2004లో మొదలైన మిథోడియాకి వేలమంది చేరతారు. పోలండులో చోహా కోటని 2014లో ఏకంగా మంత్రవిద్యల కాలేజీ చేసేశారు. ఇంత వైభోగం ఉంది దానికి.

నా గొడవ ఆటతో కాదు. ఆ ఆటలో ఆడపిల్ల ఒంటిమీద ఏముండాలో నిర్ణయించే బుద్ధితో.

కిందటి మే నెలలో మా అమ్మాయిని చూడ్డానికి వెళితే, "నువ్వూ రామ్మా, వేషం నేనిస్తాను" అని పట్టుపట్టి తీసుకెళ్ళింది. నాకు దూరదేశపు నాటువైద్యురాలి వేషం. పొడుగు గౌను, పైన ఉన్ని శాలువా, చేతిలో బుట్ట. బుట్టలో శొంఠి, మిరియాలు. నా మట్టుకు నాకు ఆ వేషం ఎంతగా నప్పిందంటే, సాయంత్రానికి ఇద్దరు సైనికులకి, ఒక రాక్షసుడికి శొంఠి కషాయం పట్టించాను.

అమ్మాయిది అడవి రాణి వేషం. ఆకుపచ్చ పల్చటి గౌను. చేతుల్లేవు. మెడ దగ్గర ఎంత దిగాలో అంతకంటే జానెడు ఎక్కువే దిగింది. నెత్తిన పూలకిరీటం. ఏదో పుస్తకం అట్టమీది బొమ్మ చూసి కుట్టించుకుందట. పగలు ఎండ కాస్తున్నంతసేపూ చూడముచ్చటగానే ఉంది. కాని ఆ దేశంలో మే నెల ఎండని నమ్ముకోవడం అల్లుడి మాటని నమ్ముకున్నట్టే. పొద్దు గూకింది, మబ్బుల్లేని ఆకాశం, నేలలోని వేడంతా పైకి ఎగిరిపోయింది. పదిగంటలకల్లా గడ్డి మంచుతో తడిసింది. అర్ధరాత్రికి 4 డిగ్రీలు.

ఆ సమయంలో మంట పక్కన రాజసభ. సేనాపతిగారు, అంటే వాళ్ళ జట్టు నాయకుడైన కుర్రాడు, ఇనుపరింగుల కవచం తొడుక్కున్నాడు. దాని కింద గాంబెసన్ అని ఒకటుంటుంది. ఇనుము ఒంటికి ఒరుసుకోకుండా, దెబ్బ తగలకుండా, పొరలు పొరలుగా గుడ్డ పెట్టి కుట్టిన చొక్కా. చూస్తే అచ్చం మన బొంత! అంటే ఆ అబ్బాయి వేషం పేరుతో బొంత కప్పుకుని కూర్చున్నాడన్నమాట. పక్కన మా పిల్ల వేషం పేరుతోనే సగం ఒళ్ళు గాలికి వదిలి కూర్చుంది.

నేను బుట్టలోంచి దాని స్వెట్టరు తీసి మెల్లగా అందించాను. ఆ కుర్రాడు చూసి, మర్యాదగానే సుమండీ, నవ్వుతూ, "రాణికి అది నప్పదు" అన్నాడు. మా అమ్మాయి నా చెయ్యి పక్కకి తోసేసింది.

ఇంకో అరగంట గడిచింది. దాని మాట సాగుతోంది. ముందు నటన అనుకున్నాను. రాణిగారికి మత్తుమందు పెట్టారేమో, కథలో అదొక మలుపేమో అని! లేచి నుంచుని భుజంమీది పట్టీ ముడి సరిచేసుకోబోయింది. వేళ్ళు తడబడ్డాయి. మూడుసార్లు ప్రయత్నించి వదిలేసింది. ఒకటే వణుకు. "ఏమైందే?" అంటే, "నాకేం కాలేదు" అంది.

ఎదురుగా కూచున్న ముసలి మంత్రగత్తె అప్పుడు లేచింది. ఆవిడ బయట వృత్తిరీత్యా నర్సు. మంత్రదండం కిందపడేసి, పాత్ర వదిలేసి, మామూలు గొంతుతో "ఆట ఆపండి" అంది. మరుక్షణం అందరూ పక్కకి తప్పుకున్నారు. ప్రథమ చికిత్స డేరాకి తీసుకెళ్ళి, చెమ్మగిల్లిన ఆ గౌను విప్పించి, పొడిబట్టలు తొడిగి, కింద ఒక కంబళి, పైన రెండు కంబళ్ళు వేసి, తియ్యటి వేడి పాలు చెంచాతో తాగించాం. గంటకి మనిషి మనిషయింది.

"మన ఒంటి వేడి 37 డిగ్రీలు. అది 35కి దిగితే హైపోథెర్మియా అంటాం. వణుకు మంచిదే, ఒళ్ళు వేడి పుట్టించుకునే పని అది. ఒళ్ళు వెచ్చబడకుండానే వణుకు ఆగిపోయిందా, అప్పుడు ప్రమాదం. ఈ పిల్ల అంతదూరం పోలేదు. పోయేదే," అంది ఆవిడ. ఆ మాట చెవిన పడ్డప్పుడు నా కాళ్ళలో పుట్టిన వణుకు చలిది కాదు.

నేనిక ఊరుకోదలుచుకోలేదు. వేషం పేరుతో వెచ్చదనాన్ని కాదనే వాదాలు ఆ మర్నాడు మూడు విన్నాను. మూడింటికీ అక్కడే జవాబు చెబుదునుగాని, కోపం వస్తే నా ఇంగ్లీషు నాకు సహకరించదు. అందుకని తెలుగులో మీకు చెబుతున్నాను.

మొదటి వాదం: "రసభంగం అవుతుంది." రాణి ఒంటిమీద మామూలు స్వెట్టరు కనిపిస్తే చూసేవాళ్ళ ఊహ చెదిరిపోతుందట. అయ్యా, స్పాంజీ కత్తి తగిలితే చచ్చిపోయాననుకుని నేలమీద పడిపోయేంత గొప్ప ఊహ ఉన్నవాళ్ళు మీరు! ఆ ఊహ ఒక ఉన్ని స్వెట్టరు దగ్గర చతికిలబడిందా? ఇంతకీ రసభంగం చేసిందేమిటి? స్వెట్టరా, చలా? పళ్ళు టకటకలాడుతున్న రాణి ఏ ఆజ్ఞ ఇస్తుంది? చలిలో ఉన్న మనిషికి పాత్ర గుర్తుండదు, రాజ్యం గుర్తుండదు, చలి ఒక్కటే గుర్తుంటుంది. వెచ్చగా ఉన్న మనిషే ఇంకొకరిగా మారగలదు.

రెండో వాదం: "ఆ కాలంలో ఇవన్నీ ఉన్నాయా?" ఇది విన్నప్పుడు నాలోని బి.ఏ. హిస్టరీ లేచి కూర్చుంది. ఆ కాలం అంటే ఏ కాలం నాయనా? యూరప్‌లో మధ్యయుగాల ఆడవాళ్ళు ఏం కట్టుకునేవారో ఊహించనక్కర్లేదు, బట్టలే దొరికాయి. 1921లో గ్రీన్‌లాండులో హెర్యోల్ఫ్స్‌నెస్ అనే చోట, పాత చర్చి దగ్గరి సమాధుల్ని పౌల్ నోర్లుండ్ అనే డేనిష్ పండితుడు తవ్వించాడు. గడ్డకట్టిన నేలలో ఆ బట్టలు వందల ఏళ్ళు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఏమిటవి? ఉన్ని గౌన్లు. పొడుగు చేతులవి. ఉన్ని మేజోళ్ళు. తలనీ మెడనీ భుజాల్నీ కప్పేసే ఉన్ని ముసుగులు, వెనకాల తోక కూడా వేలాడుతూ. ఇప్పుడవి చాలావరకు కోపెన్‌హేగెన్ మ్యూజియంలో ఉన్నాయి. జానెడు మెడ దిగిన పల్చటి గౌను ఒక్కటంటే ఒక్కటి లేదు. లోపల నార బట్ట చొక్కా, దానిమీద ఉన్ని, దానిమీద మళ్ళీ ఉన్ని, కలిగినవాళ్ళకి ఆపైన బొచ్చు. ఇదీ ఆ కాలం! అప్పటి ఆడవాళ్ళు చలికి విరుగుడు తెలిసిన గడుసువాళ్ళు. చలిలో వణికే రాణిని కన్నది చరిత్ర కాదు, పుస్తకాల అట్టలమీద బొమ్మలేసేవాళ్ళు.

వాళ్ళనొక్కళ్ళనే అనడమెందుకు? మన సినిమాలు మాత్రం తక్కువ తిన్నాయా? మంచుకొండ మీద పాట. హీరోగారికి కోటు, మఫ్లరు, చేతులకి తొడుగులు, కాళ్ళకి బూట్లు. హీరోయిన్‌కి షిఫాను చీర, చేతుల్లేని జాకెట్టు. అతనికి చలి, ఆమెకి సౌందర్యం! హాల్లో కూర్చుని పాప్‌కార్న్ నములుతూ మనమూ చూశాం. "ఆ పిల్లకి చలెయ్యదా?" అని ఎవరైనా అంటే, "ఉండవే, పాట విననీ" అన్నాం. సేనాపతికి బొంత, రాణికి గాలి అనే న్యాయం ఇంగ్లండులో పుట్టింది కాదు. మనకీ అందులో వాటా ఉంది.

మూడో వాదం: "ఒక్క రాత్రి ఓర్చుకోలేరా?" దీన్ని వినగానే నాకు ఒళ్ళు మండింది. ఓర్పు! ఆ మాట మన ఇళ్ళల్లో ఉయ్యాలలో ఉన్నప్పుడే ఆడపిల్లకి అంటగడతాం. ఎవరి సుఖం కోసం, ఎంతసేపు, దానివల్ల ఎవరికి లాభం అని అడక్కుండా ఓర్చుకోవడం మంచితనం అవుతుందా? కొండెక్కేవాడు చలికి ఓర్చుకుంటే శిఖరం దక్కుతుంది. ఈ పిల్ల ఓర్చుకుంటే ఏం దక్కింది? ప్రథమ చికిత్స డేరా!

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ ఆటలో ఏళ్ళ తరబడి ఉన్న పాత కాపులెవరూ ఇలా మాట్లాడరు. ఆట నడిపేవాళ్ళు కూడా వెచ్చటి బట్టలు తెచ్చుకోమని ముందే చెప్పారు. ఆ నర్సు మంత్రగత్తె తన నల్లటి అంగీ ఎత్తి చూపించింది. లోపల ఒంటికి అతుక్కునే థర్మల్ చొక్కా, దానిమీద పల్చటి ఉన్ని స్వెట్టరు, రెండు లంగాలు! బయటికి ఒక్క దారప్పోగు కనబడితే ఒట్టు. "కనబడనిది వేషాన్ని చెడగొట్టదు" అంది. చలికి బలయ్యేది కొత్తగా వచ్చి, బొమ్మ చూసి బట్ట కుట్టించుకున్న పిల్ల. అడగడానికి మొహమాటపడే పిల్ల.

అందుకే ఆవిడా, ఆవిడ స్నేహితురాళ్ళూ చెప్పినవి ఇక్కడ రాసేస్తున్నాను. మీ పిల్లలు చలిదేశాల్లో ఉంటే ఈ ఆట ఆడకపోయినా పనికొస్తాయి. చలిరాత్రికి నూలు బట్ట శత్రువు. తడిసిందంటే ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. ఉన్ని అలా కాదు, తన బరువులో మూడోవంతు తేమని కడుపులో దాచుకుని కూడా ఒంటికి తడి తెలియనివ్వదు. ఒక్క మందపాటి కోటు కన్నా మూడు పల్చటి పొరలు మేలు, పొరల మధ్య చిక్కుకున్న గాలే అసలు దుప్పటి. రాత్రి పడుకునేముందు పగలు వేసుకున్న మేజోళ్ళు విప్పేసి పొడివి తొడుక్కోవాలి. బిగుతు బూట్లలో రెండు జతలు కుక్కితే నెత్తురు ఆడక కాళ్ళు ఇంకా చల్లబడతాయి. పైన ఎన్ని కప్పుకున్నా కింద పరవకపోతే దండగ, నేల వేడిని తాగేస్తుంది. నిద్రకి ముందు కడుపులో ఏదైనా పడాలి. ఓ గుక్క బ్రాందీ వేస్తే వెచ్చబడతామన్నది వట్టి భ్రమ. చర్మానికి నెత్తురు ఎక్కువ పారి వెచ్చగా అనిపిస్తుందేగాని, లోపలి వేడి బయటికి పోతుంది. నైలాను అంగీలతో మంట దగ్గరికి పోకూడదు, నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటాయి. అన్నిటికంటే ముఖ్యం, చలిగా ఉందని బొగ్గుల కుంపటి డేరాలోకి తెచ్చుకోకూడదు. దానిలోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకి వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఉన్ని ఖరీదు కదా అంటారా? పాత సామాన్లు అమ్మే ధర్మ దుకాణాల్లో పాత ఉన్ని కంబళ్ళు దొరుకుతాయి. ఒకటి కొని మెడదగ్గర పిన్ను పెడితే అంగీ, రాత్రికి అదే దుప్పటి.

ఇంతవరకూ అందర్నీ కడిగేశాను కదా. ఇక నా వంతు.

డేరాలో కాస్త తేరుకున్నాక అమ్మాయిని కోప్పడ్డాను. "స్వెట్టరు ఇస్తే ఎందుకు తోసేశావే?" అని. అది కంబళిలోంచి ముక్కు మాత్రం బయటపెట్టి, "రాణి స్వెట్టరు వేసుకుంటుందా అమ్మా?" అంది.

ఆ మాట నేనెక్కడో విన్నాను. ఎక్కడో ఏమిటి, నా నోటే విన్నాను!

దానికి ఏడేళ్ళప్పుడు స్కూలు వార్షికోత్సవం. డిసెంబరు నెల, ఆరుబయట స్టేజీ. మా పిల్ల సత్యభామ. ఆరింటికే జడ వేసి, రంగు పూసి, వడ్డాణం బిగించి కూచోబెట్టారు. ముఖ్య అతిథిగారి ఉపన్యాసాలు, బహుమతులు అయ్యేసరికి తొమ్మిదిన్నర. అంతసేపూ ఆ పసిది ఖాళీ గ్రౌండులో గాలికి వణుకుతూ, "అమ్మా, స్వెట్టరు ఇయ్యవా" అని అడిగింది. నా సంచిలోనే ఉంది స్వెట్టరు. "సత్యభామ స్వెట్టరు వేసుకుంటుందటే? నగలు కనబడవు, ఫోటో పాడవుతుంది" అన్నాను. మర్నాడు జ్వరం. ఫోటో మాత్రం దివ్యంగా వచ్చింది. ఇప్పటికీ మా హాల్లో గోడమీద ఉంది.

కాబట్టి ఆ సేనాపతి కుర్రాణ్ణి నేనేమనగలను? అతను ఆ రాత్రి అన్నమాట నేను పదిహేనేళ్ళ కిందటే దానికి వల్లె వేయించాను. చూసేవాళ్ళ కళ్ళకి ఇంపుగా ఉండడం ముందు, నీ ఒళ్ళు తర్వాత అని నేర్పింది నేను. మనం నేర్పం అనుకుంటాం గాని, పిల్లలు బ్రహ్మాండంగా నేర్చుకుంటారు.

తిరిగొచ్చాక మా నాన్నగారి ఊరు వెళ్ళాను. అటకమీద ఆయన గొంగడి ఉంది. నల్ల గొర్రెబొచ్చు వడికి, గుంట మగ్గంమీద నేసి, చింతగింజల గంజి పట్టించింది. గొర్రెల కాపర్లు దాన్నే వానలో ఒక మూల మడిచి నెత్తిన కొప్పెర వేసుకుంటారు, చలిలో కప్పుకుంటారు, చేలో పరుచుకుంటారు. ఒంటికి గుచ్చుకుంటుంది నిజమే. అందుకే లోపల మెత్తటి చొక్కా ఉండాలి. గ్రీన్‌లాండువాళ్ళు కనిపెట్టిందీ అదే కదా! కొరియర్‌లో పంపితే అక్టోబరు ఆటకి మా అమ్మాయి దాన్ని కొప్పెర వేసుకుని వెళ్ళింది. వేషం మార్చలేదు, అడవి రాణే. "గొర్రెలవాసన వేస్తోందమ్మా, కాని రాత్రి రెండింటిదాకా సభ నడిపాను" అని వాట్సాపులో రాసింది. సేనాపతిగారు అలాంటిది తనకొకటి ఎక్కడ దొరుకుతుందని అడిగాడట. ధర చెప్పమన్నాను, ఊరికే ఇవ్వొద్దన్నాను.

ఈ మాఘమాసంలో మా చెల్లెలి కూతురి పెళ్ళి. ముహూర్తం తెల్లవారుజామున 3 గంటల 40 నిమిషాలకి, ఊరి బయట పచ్చికలో వేసిన పందిట్లో. తడితలతో, పల్చటి మధుపర్కాల చీరతో ఆ పిల్ల పీటలమీద గంటన్నర కూర్చోవాలి. పెళ్ళికొడుక్కీ పాపం అదే గతి. రెండు ఉన్ని శాలువాలు కొని ఇప్పటికే పెట్టెలో సర్దాను. "ఫోటోలు పాడవుతాయక్కా" అంటోంది చెల్లెలు. కెమెరా అబ్బాయి కూడా అంటాడు, తెలుసు. వాడు మాత్రం జాకెట్టు జిప్పు మెడదాకా లాక్కునే వస్తాడు, చూస్తూ ఉండండి.